చదివినదానికి చిట్టా

(శతవార్షికోత్సవ వారములో జరిగిన పఠన గోష్ఠియందు చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘమువారు నాకిచ్చిన అంశము "మన పఠన జీవితము". నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఏ పుస్తకాలు చదవాలో, ఏవి చదవకూడదో విపులముగా సెలవిచ్చారు. ఆ పట్టికకు నేను కలపగలిగినది ఏమీ లేదు. చదివిన తరువాత ఏమి చేయాలి అనే చిన్న సంగతి ఒకటి మిగిలి ఉన్నది గనుక దానినే తీసుకొంటాను. దానికి కావలసిన సామగ్రి రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటి, కలము ఒకటి. అయితే ముందుగా ఒక ఒప్పుకోలు చెప్పవలసి ఉన్నది. అది నాదే.

2014వ సంవత్సరములో నేను ఈ పట్టణ సంఘమునకు కాపరిగా వచ్చాను. వేదాంత కళాశాల చదువు పూర్తిచేసి అప్పటికి కొన్నేళ్లే అయినది. అలమారు నిండా పుస్తకాలు ఉండేవి. ఇంటికి వచ్చినవారికి వాటి పేర్లు కనబడేటట్లు సర్దుకొనేవాడిని. ఆ యేట శ్రమకాల దినములలో ఒక ఆదివారము పాపమును గురించి ప్రసంగిస్తూ, భక్తుడైన అగస్టీను తన 'కన్ఫెషన్స్'లో చెప్పుకొన్న పియరు పండ్ల దొంగతనమును ఉదాహరణగా తీసుకొన్నాను. "నేను మిక్కిలి ప్రీతితో చదివిన గ్రంథము" అని కూడా అన్నాను. పదహారేళ్ల పిల్లవాడు ఆకలికి తాళలేక పరులచెట్టు పండ్లు కోశాడు, దొంగను చూచినప్పుడు ముందు అతని ఆకలిని చూడండి అని చెప్పాను. ప్రసంగము బాగున్నదని చాలామంది చేయి కలిపారు. ఒక తల్లి మాత్రము అందరూ వెళ్లేవరకు ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకొంటూ, "మా వాడి విషయం మీకు ఎవరైనా చెప్పారా అయ్యగారూ?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఆమె కుమారుడు పనిచేసే కొట్టులో గల్లాపెట్టెలో డబ్బు తీసి పట్టుబడ్డాడట. "ఆకలి కోసమే కదండీ" అన్నది. నేను తల ఊపి ప్రార్థన చేసి పంపించాను. ఈ సంగతి ఆమె అనుమతితోనే చెబుతున్నాను. ఆ కుటుంబము ఇప్పుడు ఈ ఊరిలో లేదు.

సోమవారము ఉదయము విశ్రాంత ఉపాధ్యాయులొకరు గుడ్డసంచి పట్టుకొని వచ్చారు. పేరు చెప్పను, మాస్టారు అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. అప్పటికి వారికి డెబ్భై ఆరేళ్లు. ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రము చెప్పినవారు. "అయ్యగారూ, ఆ అగస్టీను పుస్తకం ఒకసారి ఇస్తారా?" అన్నారు. సంతోషముగా ఇచ్చాను. ఇరవై రోజుల తరువాత తెచ్చి బల్లమీద పెట్టి, ఎంతో మెల్లగా, "నలభై మూడో పేజీలో మీ కాలేజీ ఫీజు రసీదు ఉందండి. అటుపైన కాగితాలు తడిసి ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. నేనే చిరగకుండా విడదీశాను" అన్నారు.

ఆ రసీదుమీద తేదీ 2004. పది సంవత్సరాలుగా ఆ పుస్తకము నేను చదివినట్టు నేనే నమ్ముతూ వచ్చాను.

అంతటితో పోలేదు. మాస్టారు సంచిలోనుండి క్యాలికో బైండు చేసిన నోటుబుక్కు ఒకటి తీసి, ఒక పుట తెరిచి నాకు చూపించారు. అందులో ఇలా ఉన్నది: పియరు పండ్లు. ఆకలి లేదు. ఇంట్లో అంతకంటె మంచి పండ్లు ఉన్నాయట. కోసి పందులకు వేశారట. చేయకూడనిది గనుక చేయాలనిపించిందట. ఒక్కడే ఉంటే చేసేవాడు కాదట. దాని క్రింద మరొక వరుస: ఆదివారము అయ్యగారు ఇందుకు భిన్నముగా చెప్పారు. అడగాలి.

అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పినది నా ఊహ. ఎవరి ప్రసంగములోనో సగము విని, మిగిలిన సగము నేను పూరించుకొన్నాను. ఆకలి లేని దొంగతనమే ఆ భాగములోని బాధ అంతా. నేను దానినే తీసివేసి, వినడానికి బాగుండే కథ ఒకటి అక్కడ పెట్టాను. నలభై మూడవ పేజీకి ముందే ఆ కథ ఉన్నదని తరువాత చూచుకొన్నాను. అనగా ఆ భాగము నేను నిజముగా చదివాను. చదివి కూడా తలక్రిందులుగా గుర్తు పెట్టుకొన్నాను. చదవకపోవడముకంటె ఇది నన్ను ఎక్కువగా భయపెట్టినది.

మాస్టారు తమ నోటుబుక్కును 'చిట్టా' అనేవారు. వారి నాన్నగారు తెనాలిలో ఒక కొట్టులో గుమాస్తా. కొట్టు లెక్కలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఏ రోజు జరిగిన జమ, ఖర్చు ఆ రోజే వరుసగా వ్రాసేది చిట్టా. వాటిని ఎవరి పేరున వారికి, ఏ సరుకు క్రింద దానికి విడదీసి ఎత్తి వ్రాసేది ఆవర్జా. చిట్టాలో కొట్టివేతలు ఉంటాయి, నూనె మరకలు ఉంటాయి. కాని తగవు వస్తే చూచేది చిట్టానే, ఎందుకంటే అది అప్పటికప్పుడు వ్రాసినది. మాస్టారు 1961లో మొదటి జీతముతో కొన్న నోటుబుక్కులో మొదటి పద్దు వ్రాశారు. నేను చూచేనాటికి పందొమ్మిది పుస్తకాలు అయినవి.

వారి పద్ధతి చెబుతాను, మీరు కావాలంటే మార్చుకోవచ్చును. పుస్తకము పేరు, వ్రాసినవారి పేరు. ఎక్కడినుండి వచ్చింది. మొదలుపెట్టిన తేదీ. ఎక్కడ ఆగాను. పుస్తకము ఏమి చెప్పింది అన్నది తన మాటల్లో, చూడకుండా, నాలుగైదు వరుసలు. చివర 'నాకు కుదరనిది' అనే గడి. పూర్తిచేసిన తేదీకి వారు గడి పెట్టుకోలేదు. "పూర్తయితే ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడ ఆగామో మాత్రం మనం దాస్తాం" అనేవారు.

'ఎక్కడినుండి వచ్చింది' అన్న గడిలో అధికభాగము శాఖా గ్రంథాలయము పేరే. వారిది కాలువ ప్రాంతము. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెము నుండి కాలువమీద పడవలో గ్రంథాలయమును నడిపించినది ఆ ప్రాంతములోనే. పడవ వచ్చే వేళకు గట్టుమీద నిలబడినవారిలో మాస్టారి నాన్నగారు ఒకరు. బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిననాటినుండి మన తెలుగువారు పుస్తకమును జనము దగ్గరకు తీసుకొని వెళ్లడానికి పడిన శ్రమ సామాన్యమైనది కాదు. 1960లో మనకు గ్రంథాలయాల చట్టము వచ్చినది. ఇంటిపన్నుమీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మనమందరము గ్రంథాలయ పన్ను కడుతున్నాము. కట్టేవారిలో ఎందరు ఆ గుమ్మము ఎక్కారో ఇక్కడ చేతులెత్తమని అడగను. నాకే ఇబ్బంది.

ఆ చిట్టాలలో నాకు నచ్చిన పద్దు ఒకటి చెబుతాను. 1972లో ఒక పెద్ద నవల మొదలుపెట్టి, "ముప్పై పేజీలు. నిద్ర వస్తున్నది. తప్పు పుస్తకానిదో నాదో తెలియదు" అని వ్రాసి వదిలేశారు. పదకొండేళ్ల తరువాత వేరే రంగు సిరాతో అక్కడే, "తప్పు నాదే" అని ఉన్నది. అంతకు మించి వివరణ లేదు.

ఇటువంటి పని మాస్టారే కనిపెట్టినది కాదు. మెతడిస్టు ఉద్యమమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1725లో ఆక్స్‌ఫర్డులో దినచర్య వ్రాయడము ప్రారంభించి, ఇతరులకు తెలియని సంకేత లిపిలో ఏ పూట ఏ గ్రంథము చదివాడో గుర్తు పెట్టుకొన్నాడు. గుర్రము కళ్లెము వదులుచేసి సవారీలోనే చదివేవాడినని 1770లో తానే వ్రాశాడు. మన బస్సు ప్రయాణాలు గుర్తుకు వస్తాయి. అమెరికాలో జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే కాపరి 1722 ప్రాంతమునుండి 1757 వరకు తాను చదవదలచిన గ్రంథాలకు పట్టిక వ్రాసుకొన్నాడు. అంతేగాక తన లెక్కల పుస్తకములో ఏ పుస్తకము ఎవరికి ఎరువిచ్చాడో కూడా వ్రాసుకొన్నాడు. పుస్తకాలు ఎరువిచ్చి పోగొట్టుకొన్నవారికి దాని విలువ తెలుసు. మహాత్మాగాంధీగారు యరవాడ జైలులో ఉండగా 1923లో వ్రాసిన దినచర్యలో, ఏ పుస్తకము ముగించిందీ ఏది మొదలుపెట్టిందీ క్లుప్తముగా కనబడుతుంది. గిబ్బన్ వ్రాసిన రోము చరిత్ర అంతటి బృహద్గ్రంథము చదివినది ఆ జైలులోనే.

వీరందరికంటె నాకు ఎక్కువగా ఉపయోగపడిన ఇద్దరిని గురించి కొంచెము ఆగి చెప్పాలి.

ఒకరు చార్లెస్ డార్విన్. ఆ పేరు ఎత్తగానే కొందరు పెద్దలు కనుబొమలు ముడివేయడము నేను ఇక్కడినుండి చూస్తున్నాను. ఓపిక పట్టండి. ఆయన 1838 నుండి 1860 వరకు చదివిన పుస్తకాలకు, చదవవలసినవాటికి వేరువేరుగా పట్టికలు ఉంచాడు. అది సరే. తన ఆత్మకథలో ఆయన ఒక నియమము చెప్పుకొన్నాడు. తన అభిప్రాయమునకు విరుద్ధమైన సంగతి ఏదైనా పుస్తకములో కనబడితే వెంటనే, అప్పటికప్పుడే వ్రాసుకొనేవాడట. అనుకూలమైనవి తమంతట తామే గుర్తుంటాయి, ప్రతికూలమైనవి మాత్రము త్వరగా జారిపోతాయని ఆయన అనుభవము. మాస్టారి 'నాకు కుదరనిది' గడి సరిగ్గా ఇదే. పియరు పండ్ల కథలో నాకు జరిగినదీ ఇదే. ఆకలి అన్నది నా ప్రసంగమునకు అనుకూలము, గుర్తున్నది. పందులకు వేయడము ప్రతికూలము, జారిపోయినది. మనము మరచిపోయేది జ్ఞాపకశక్తి లేక అనుకొంటాము. చాలాసార్లు మనకు ఇష్టము లేక మరచిపోతాము.

రెండవవాడు అగస్టీనే. ఆ అవమానము తరువాత ఆయనను విడిచిపెట్టలేకపోయాను. వృద్ధాప్యములో, 426, 427 సంవత్సరాలలో, ఆయన తాను అంతవరకు వ్రాసిన తొంభై మూడు రచనలను వరుసగా తీసి మళ్లీ చదువుకొని, ఏది పొరబాటో, ఏది తొందరపాటో ఒక్కొక్కదానిక్రింద వ్రాశాడు. 'కన్ఫెషన్స్' దగ్గరకు వచ్చినప్పుడు, నాలుగవ భాగములో స్నేహితుని మరణమును గురించి తాను వ్రాసిన ఒక వాక్యమును పట్టుకొని, ఇది గంభీరమైన ఒప్పుకోలుకంటె తేలికపాటి ఉపన్యాసములాగ ఉన్నదని తప్పుపట్టాడు. లోకమంతా మెచ్చిన పుస్తకములో, ఎవరూ అడగకుండా, తన మాటను తానే తప్పుపట్టాడు. మాటలతో బ్రతికే మావంటివారు ఆ పద్దును దాటి పోలేరు.

సరే, నా సంగతి. మాస్టారిని చూచి నేనూ ఒక నోటుబుక్కు కొన్నాను. ఖరీదైనది, తోలు అట్టది. మొదటి పుటలో ప్రార్థన వ్రాశాను. తరువాత మంచి మంచి వాక్యాలు చూచి ఎత్తి వ్రాయసాగాను. అక్షరాలు కుదురుగా, క్రింద ఎర్రగీతలు. బిషప్పుగారు తనిఖీకి వచ్చి చూస్తారేమో అన్నట్టుగా వ్రాశాను. పదిహేడవ రోజుకు ఆగిపోయినది. ఆ నోటుబుక్కు మాస్టారికి చూపిస్తే నాలుగు పుటలు తిప్పి, "ఇందులో మీరు ఎక్కడా లేరండీ. ఇదంతా ఆ పుస్తకాల్లోనే ఉంది కదా, మళ్లీ ఎందుకు వ్రాయడం?" అన్నారు. బడిలో కాపీ కొట్టిన పిల్లవాడిలాగ నిలబడ్డాను. ఎత్తి వ్రాయడము చెడ్డది కాదు. కాని చేయి కదులుతుంటే మనసు నిద్రపోగలదు. పుస్తకము మూసి, అది ఏమి చెప్పిందో నా మాటల్లో వ్రాయబోతే, నాలుగు వరుసలకు అరగంట పట్టింది. ఆ అరగంటలోనే నాకు అర్థము కానిది ఎంతో తెలిసింది.

యౌవనస్థులు ఇప్పుడు నచ్చిన పుటను సెల్‌ఫోనుతో ఫొటో తీసుకొంటారు. నేనూ తీశాను, నాలుగు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో రెండవసారి చూచినవి పది ఉండవు. తప్పు ఫోనుది కాదు. ఫొటో తీసినప్పుడు చదివినట్టు తృప్తి కలుగుతుంది, ఆ తృప్తే చిక్కు. సంవత్సరములో బైబిలు పూర్తిచేసే పట్టికలో టిక్కులు పెట్టేవారు కూడా ఈ మాట కొంచెము ఆలోచించాలి. ఒక యేడు నేను లేవీయకాండము అంతటికీ టిక్కులు పెట్టాను. దానిలో ఏమున్నదని ఆ వారమే అడిగితే చెప్పలేకపోయేవాడిని.

ఆవర్జాను గురించి కూడా చెప్పాలి, ఇది నాకు ఎంతో ముచ్చటగా తోచిన విషయము. చిట్టా వ్రాస్తూ పోతే నాలుగేళ్లకు ఏ సంగతి ఎక్కడ వ్రాశామో దొరకదు. ఇంగ్లండులో జాన్ లాక్ అనే తత్త్వవేత్త దీనికి ఒక ఉపాయము ఆలోచించి 1686లో ఫ్రెంచి భాషలో ప్రకటించాడు. విషయము పేరులో మొదటి అక్షరము, దాని తరువాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెంటినీ కలిపి ఒక గడి. ఆ గడిలో పేజీ సంఖ్య వేయాలి. వేదాంత కళాశాలలో ఇది చదివినప్పుడు ఎంతో క్లిష్టముగా ఉన్నదనుకొన్నాను. మాస్టారి నోటుబుక్కు చివరి పుటలు చూస్తే, అక్కడ క, కా, కి, కీ అని గుణింతము వరుసగా వ్రాసి, కో ఎదుట కోపము 31, కా ఎదుట కానుక 12 అని ఉన్నది. లాక్ పేరు వారు విననైనా లేదు. హల్లు, దానిమీద అచ్చు, ఇంతేగదా లాక్ కష్టపడి చేసినది. మన పలకమీద అది మొదటినుండీ ఉన్నది. కావున ఇంటింటా పిల్లలకు గుణింతము వచ్చినంతకాలము మనలో ఎవరికీ ఆవర్జా వ్రాయడము రాదని సాకు చెప్పే వీలు లేదు.

రెండవ నోటుబుక్కు నలభై రూపాయలది. అది సాగింది. ఇప్పుడు ఏడవది నడుస్తున్నది. మూడవ సంవత్సరము చివర ఒక రాత్రి వరుసగా తిప్పి చూచుకొన్నాను. ఆ యేడు ముప్పై ఒక్క పుస్తకాలు, వాటిలో ఇరవై రెండు ప్రసంగ సంపుటాలు, వ్యాఖ్యానాలు. స్త్రీలు వ్రాసినది ఒక్కటీ లేదు. నాతో విభేదించేవారు వ్రాసినవి రెండు, రెండింటిలోనూ ఇరవై పేజీల లోపే ఆగాను. నా భార్య ప్రక్కన కూర్చొని చూచి, "అన్నీ ఆదివారానికి పనికొచ్చేవేనా? మీకోసం చదివింది ఒకటీ లేదా?" అన్నది. మా యింట్లో ఆమె కఠినముగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ మాట తగిలింది. కాపరికి పుస్తకము పనిముట్టు అయిపోతుంది. బావి లేకుండా బొక్కెన తిప్పుతున్నట్టు ఎన్నో సంవత్సరాలు తిప్పాను.

ఆ తరువాత చదివినది ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలులో ఉండి వ్రాసిన 'మాలపల్లి'. మద్రాసు ప్రభుత్వము నిషేధించిన నవల. పేరు చిన్నప్పటినుండి విన్నదే, చదివినది లేదు. ఇన్నాళ్లూ ఎందుకు చదవలేదంటే, ప్రసంగమునకు పనికిరాదని ఒక కారణము. రెండవ కారణము చిట్టాలోనే వ్రాసుకొన్నాను: మా వాడను గురించి బ్రాహ్మణ కుటుంబములో పుట్టినవారు ఏమి వ్రాస్తారులే అన్న గర్వము. సంగదాసు చనిపోయిన చోట ఆగాను. మళ్లీ తెరవడానికి తొమ్మిది రోజులు పట్టింది. 'నాకు కుదరనిది' గడిలో చాలానే వ్రాశాను, ఉన్నవవారితో తగవు పెట్టుకొన్న మాటలు కూడా ఉన్నాయి. కాని చివర నాకు తెలియకుండానే ఒక వాక్యము పడింది: తాతగారు ఎందుకు సంఘములో చేరారో నేను ఎన్నడూ అడగలేదు.

తాతగారు అప్పటికే లేరు. మా మేనత్త ఉన్నది, ఎనభై దాటిన మనిషి. మరుసటి నెల ఊరికి వెళ్లి ఆమెను అడిగాను. ఆమె చెప్పినది భక్తి కథ కాదు. కూలి దగ్గర జరిగిన కొట్లాట, రాత్రికి రాత్రి వాడ విడవడము, ఒక ఉపదేశిగారి ఇంటి అరుగు, అక్కడ పలక పట్టడము, ఇలా చెప్పింది. నేను చిన్నప్పటినుండి విన్న సాక్ష్యములో ఆ కొట్లాట లేదు. అదెందుకు చెప్పలేదని అడిగితే, "మీ తాతకి ఆ ఊరివాళ్లమీద పగ ఉండేది కాదయ్యా, అందుకే చెప్పేవాడు కాదు" అన్నది. నవలమీద వ్రాసిన పద్దు క్రిందనే అదంతా వ్రాసుకొన్నాను. ఈ శతవార్షికోత్సవ సంచికలో మిషనెరీల చరిత్ర, దేవాలయ నిర్మాణ చరిత్ర వివరముగా వచ్చినవి, సంతోషము. ప్రతి ఇంటిలోనూ ఇట్టి మేనత్త ఒకరుంటారు. ఆమెను ఏమి అడగాలో తెలియడానికి నాకు ఒక నవల, ఒక చిట్టా కావలసి వచ్చినవి.

చదువు రానివారి మాట ఏమిటని ఒకరు చీటీ పంపారు. మన సంఘములోనే ఒక అవ్వ ఉన్నది. ఆదివారము విన్నది సాయంత్రము మనుమరాలికి చెబుతుంది, ఏడవ తరగతి పిల్ల దానిని వ్రాస్తుంది. నా ప్రసంగాలలో ఏది ఎవరి చెవికి ఎలా చేరిందో తెలుసుకోవడానికి ఆ పుస్తకము ఒకసారి అడిగి చూచాను. ఒకచోట "ఈ వారము అయ్యగారికి ఒంట్లో బాగోలేదు, పోయినేటి మాటలే చెప్పారు" అని ఉన్నది. ఇక వివరించను.

మొదట చెప్పిన తల్లి సంగతి మధ్యలో వదిలాను. మాస్టారు పుస్తకము తిరిగి తెచ్చిన తరువాత మూడు ఆదివారాలు నేను ఆ తప్పు దిద్దలేదు. దిద్దితే ఆమె ఓదార్పు పోతుందని నాకు నేను చెప్పుకొన్నాను. నా పరువు పోతుందన్నది అసలు సంగతి. నాలుగవ ఆదివారము ప్రకటనల వేళ నిలబడి, ఆ కథలో ఆకలి లేదని, ఇంట్లో మంచి పండ్లు ఉండగానే దొంగిలించాడని, నేను సరిగా చదవకుండా చెప్పానని అన్నాను. కొందరు నవ్వారు, చాలామందికి ఏ కథో గుర్తే లేదు. ఆ తల్లి మళ్లీ చివరి వరకు ఆగింది. నాకు కాళ్లు వణికినవి. "ఆకలి కోసం కాదని నాకు ముందే తెలుసు అయ్యగారూ. ఇంట్లో అన్నం ఉంది. ఎందుకు తీశావురా అంటే వాడికీ తెలియదంటున్నాడు" అన్నది. ఆ రోజు మేము ముగ్గురము, ఆమె, ఆ పిల్లవాడు, నేను, మొదటిసారి కూర్చొని మాట్లాడుకొన్నాము. ఆ పిల్లవాడితో నేను ఏమీ బోధించలేదు. అగస్టీను కథ చదివి వినిపించాను, ఈసారి పుస్తకము చూచి.

2020 తరువాత మాస్టారికి చూపు తగ్గసాగింది. కంటి నరము దెబ్బతిన్నదని, ఆపరేషనుతో వచ్చేది కాదని వైద్యులు చెప్పారు. శుక్రవారము సాయంత్రాలు నేను వారింటికి వెళ్లి చదివి వినిపించేవాడిని. పద్దు వారు చెబుతుంటే నేను వ్రాసేవాడిని. ఇరవయ్యవ చిట్టా అంతా నా అక్షరాలే. "సంకేత లిపిలా ఉంది మీ వ్రాత, వెస్లీగారిదే నయం" అని వేళాకోళము చేసేవారు. నేను వ్రాసినది మళ్లీ చదివించుకొని, ఒక మాట ఎక్కువైతే కొట్టివేయించేవారు. "నేను అంత గొప్పగా అనలేదండీ, తీసెయ్యండి."

చివరగా వారు కోరినది 'కన్ఫెషన్స్' మళ్లీ మొదటినుండి. నా ప్రతినే తీసుకొని వెళ్లాను, వారు విడదీసిన కాగితాలే. రెండు వందల పదకొండవ పేజీవరకు వచ్చాము. తరువాతి శుక్రవారము నాటికి మాస్టారు లేరు. 2023వ సంవత్సరము, వానకాలము.

సమాధి కార్యక్రమము అయిన వారమునకు వారి కుమార్తె పందొమ్మిది చిట్టాలు తన దగ్గర ఉంచుకొని, ఇరవయ్యవది నాకు తెచ్చి ఇచ్చింది. "ఇది మీ చేతివ్రాత కదండీ" అన్నది. 'ఎక్కడ ఆగాను' అన్న గడి ఖాళీగా ఉన్నది. 211 అని నేనే వేశాను. పాత ఫీజు రసీదు ఇప్పుడు ఆ పేజీలో ఉన్నది.

సభాధ్యక్షులు గడియారము చూస్తున్నారు. స్త్రీల మైత్రివారు బయట బల్లమీద నోటుబుక్కులు ఉంచారు, ఒక్కొక్కటి నలభై అయిదు రూపాయలు.